శెనక్కాయ నూనె నుంచి ఆవు పాల దాకా: మాస్ స్పెక్ రిపోర్ట్ ఏం చెప్తుంది, ఏం చెప్పలేదు

క్లుప్తంగా: మాస్ స్పెక్ట్రోమీటర్ అంటే అణువుల్ని తూచే యంత్రం. నూనెలో కొవ్వులైనా, పాలలో విషమైనా, రక్తంలో మెటబాలైట్లైనా (ఒంట్లో జరిగే మార్పుల్లో తయారయ్యే చిన్న అణువులు) అది ముందు ఇచ్చేది బరువులే. ఆ బరువుకి పేరు పెట్టాలంటే అణువుని ముక్కలు చేసి చూడాలి, అసలు పదార్థంతో పోల్చాలి, ఎంత ఉందో లెక్క చెప్పాలంటే పని ఇంకా పెరుగుతుంది. అనంతపురం, కర్నూలు, కడప వైపు ఈ పద్ధతితో జనానికి ఎక్కువగా పని పడేది శెనక్కాయల దగ్గరే, అందుకే ఇక్కడ కూడా అక్కడి నుంచే మొదలుపెడుతున్నాం.

గందరగోళం ఎక్కడ వస్తోంది

అనంతపురం, కదిరి, ఆదోని ఎక్కడికి పోయినా ఇప్పుడు కట్టె గానుగ నూనె బోర్డులు కనపడతాయి, వాటిలో కొన్ని చోట్ల ల్యాబ్ టెస్టెడ్ అని కూడా రాసి ఉంటుంది, అడిగితే ఫోన్‌లో రిపోర్ట్ ఫొటో చూపిస్తారు. ఆ రిపోర్ట్‌లో ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్, జీసీ-ఎంఎస్, ఎన్‌డీ (దొరకలేదు), ఎల్‌ఓక్యూ (లెక్కపెట్టగలిగే అతి తక్కువ మోతాదు) ఇట్లాంటి అక్షరాలు ఉంటాయి. కొనేవాళ్లు ఎక్కువమంది దీన్ని పాస్ మార్కుల షీట్ లాగా చూస్తారు, అంటే పెద్ద మిషన్‌లో పెట్టారు, ఏమీ దొరకలేదు, కాబట్టి నూనె స్వచ్ఛం అని. కానీ అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం కోసం చేసిన టెస్ట్‌లో పామాయిల్ కలిపింది తెలియదు, కొవ్వు ఆమ్లాల కోసం చేసిన టెస్ట్‌లో అఫ్లాటాక్సిన్ తెలియదు, రెండూ మాస్ స్పెక్ అనే పేరుతోనే వస్తాయి. మిషన్ ఏం వెతకమంటే అదే వెతుకుతుంది అన్నమాట, ఈ ఒక్క సంగతి తెలియకపోవడం వల్లే సగం అపార్థాలు.

పాత టెస్టులు సగటు చూస్తాయి

నూనె కల్తీ పట్టుకోడానికి మాస్ స్పెక్ రాకముందు నుంచే మంచి పద్ధతులు ఉన్నాయి, ఇప్పటికీ వాడుతున్నారు. అయోడిన్ విలువ అనేది నూనెలో డబుల్ బాండ్లు మొత్తం మీద ఎన్ని ఉన్నాయో చెప్తుంది, శెనక్కాయ నూనెకి ఇది 85 నుంచి 99 మధ్య ఉండాలని హద్దు. బెలియర్ టెస్ట్ ఇంకొకటి, నూనెని సబ్బుగా మార్చి ఆల్కహాల్‌లో కలిపి, ఆమ్లం వేసి మెల్లగా చల్లబరిస్తే ఏ టెంపరేచర్ దగ్గర మబ్బులాగా తెల్లబడుతుందో చూస్తారు, శెనక్కాయ నూనెకి అది 39 నుంచి 41 డిగ్రీలు. ఇంత ఎక్కువ దగ్గరే ఎందుకు మబ్బు పడుతుందంటే ఈ నూనెలో అరాకిడిక్, బెహెనిక్, లిగ్నోసెరిక్ అనే పొడవాటి కొవ్వు ఆమ్లాలు కొద్దిగా ఉంటాయి, అవి తొందరగా గడ్డకడతాయి.

వీటి బలహీనత ఏంటంటే ఇవి మొత్తం కలిపి ఒక్క నంబర్ ఇస్తాయి. పామోలీన్ (పామాయిల్‌లో ద్రవంగా ఉండే భాగం) అయోడిన్ విలువ 58 దగ్గర, పొద్దుతిరుగుడు నూనెది 126 దగ్గర అనుకుందాం, రెండూ సగం సగం కలిపితే 92 వస్తుంది, అది సరిగ్గా శెనక్కాయ నూనె హద్దులోనే ఉంది. తెలిసినవాడు కలిపితే అయోడిన్ విలువ ఒక్కటే చూసే ల్యాబ్ పట్టుకోలేదు.

దీనికి ఉల్టా సమస్య కూడా ఉంది, ఇది రైతులకి ఇంకా ముఖ్యం. గిర్నార్-4, గిర్నార్-5 లాంటి హై ఓలిక్ శెనక్కాయ రకాలు వచ్చాయి, వాటి నూనెలో ఓలిక్ ఆమ్లం దాదాపు 80 శాతం ఉంటుంది, మామూలు రకాల్లో అయితే 40, 50 చుట్టూ ఉండి మిగతాదాంట్లో ఎక్కువ భాగం లినోలిక్ ఉంటుంది. లినోలిక్‌కి రెండు డబుల్ బాండ్లు, ఓలిక్‌కి ఒకటే, కాబట్టి హై ఓలిక్ నూనెకి అయోడిన్ విలువ లెక్క వేస్తే 76 దగ్గరకి వస్తుంది. అంటే ఏ కల్తీ లేని నూనె కూడా 85 అనే పాత గీత కింద పడిపోతుంది! ఇట్లాంటి చోట అణువుల్ని విడివిడిగా చూసే పద్ధతి కావాలి.

తూకం ఎట్లా జరుగుతుంది

ఒక అణువుని తక్కెడలో పెట్టలేం కాబట్టి దానికి కరెంట్ ఛార్జ్ ఎక్కిస్తారు, గాలి తీసేసిన గొట్టంలోకి పంపి ఎలక్ట్రిక్ ఫీల్డ్‌తో నెడతారు, తేలికవి ఒక రకంగా, బరువైనవి ఇంకో రకంగా కదులుతాయి, ఆ తేడాని కొలిస్తే బరువు తెలుస్తుంది. కచ్చితంగా చెప్పాలంటే బరువుని ఛార్జ్‌తో భాగిస్తే వచ్చే సంఖ్య, దాన్నే ఎం బై జెడ్ అంటారు. జె.జె. థామ్సన్ పనిని ముందుకి తీసుకెళ్లి ఆస్టన్ 1919లో మాస్ స్పెక్ట్రోగ్రాఫ్ తయారుచేశాడు, 1922లో దానికి నోబెల్ వచ్చింది, కానీ చాలా దశాబ్దాలు ఇది ఆవిరి అయ్యే చిన్న చిన్న పదార్థాలకే పనికొచ్చింది. వేడి చేస్తే మాడిపోయే పెద్ద అణువుల్ని చెక్కుచెదరకుండా ఎగిరేలా చేయడం అసలు కష్టం. ద్రవాన్ని సన్నటి సూది నుంచి హై వోల్టేజ్‌లో తుంపరగా కొడితే చుక్కలు ఆరిపోతూ లోపలి అణువులు ఛార్జ్‌తో బయటపడతాయి, ఈ ఎలక్ట్రోస్ప్రే పద్ధతిని పెద్ద అణువుల దాకా తెచ్చినందుకు జాన్ ఫెన్‌కి, లేజర్ దారిలో అదే పని చేసినందుకు కోయిచి తనాకాకి 2002లో నోబెల్ ఇచ్చారు. ఈ రోజు లిపిడోమిక్స్ (కొవ్వులన్నీ కలిపి చూడడం), మెటబాలోమిక్స్ (మెటబాలైట్లన్నీ కలిపి చూడడం) అని వినపడే పనిలో ఎక్కువ భాగం ఆ తుంపర మీదే నడుస్తుంది.

మిషన్లలో తేడా ముఖ్యంగా ఎంత సన్నగా తూచగలవు అన్నదాంట్లో ఉంది. నైట్రోజన్ వాయువు, కార్బన్ మోనాక్సైడ్, ఎథిలీన్ మూడింటి బరువూ 28 అని బడిలో చెప్తారు, కానీ దశాంశాల్లోకి పోతే 28.006, 27.995, 28.031. క్వాడ్రుపోల్ అనే మామూలు రకం మిషన్‌కి మూడూ 28 గానే కనపడతాయి, టైమ్ ఆఫ్ ఫ్లైట్, ఆర్బిట్రాప్ లాంటి హై రిజల్యూషన్ (దగ్గరి బరువుల్ని విడదీసే శక్తి ఎక్కువున్న) మిషన్లకి మూడూ వేరే వేరే. అట్లని క్వాడ్రుపోల్ తక్కువది అనుకోకూడదు, మూడు వరసగా పెట్టిన ట్రిపుల్ క్వాడ్ మిషన్, తెలిసిన పదార్థాన్ని చాలా తక్కువ మోతాదులో లెక్కపెట్టడానికి ఇప్పటికీ ల్యాబుల్లో మొదటి ఛాయిస్.

మాస్ స్పెక్ ముందు ఇంకో మిషన్ ఉంటుంది, దాన్ని జనం పట్టించుకోరు. జీసీ అంటే ఆవిరి చేసి సన్నటి పొడవాటి గొట్టంలో వేరుచేయడం, ఎల్‌సీ అంటే ద్రవంలోనే వేరుచేయడం. శాంపిల్‌లో వేల అణువులు కలిసి ఉంటాయి కాబట్టి అన్నీ ఒక్కసారిగా తోసేస్తే ఒకదాని మీద ఒకటి పడి ఏదీ తేలదు, గొట్టంలో కొన్ని ముందు, కొన్ని వెనక వస్తే తూచడానికి వీలవుతుంది. ఒక అణువు ఏ నిమిషానికి బయటికి వచ్చింది అన్నది కూడా దాన్ని గుర్తుపట్టడానికి ఒక ఆధారం.

నూనెలో కొవ్వులు: బరువు ఒకటే, మనుషులు వేరు

నూనె అంటే దాదాపు మొత్తం ట్రైగ్లిజరైడ్లే, ఒక గ్లిజరాల్‌కి మూడు కొవ్వు ఆమ్లాలు తగిలించినట్టు. ఓలిక్‌ని ఓ అని, లినోలిక్‌ని ఎల్ అని, స్టియరిక్‌ని ఎస్ అని రాసుకుంటే మూడు ఓలిక్‌లు ఉన్నది ఓ-ఓ-ఓ, రెండు ఓలిక్ ఒక లినోలిక్ అయితే ఓ-ఓ-ఎల్. మిషన్‌లో ఇవి అమ్మోనియం అయాన్‌ని పట్టుకుని ఎగురుతాయి, ఓ-ఓ-ఓ 902.8 దగ్గర, ఓ-ఓ-ఎల్ 900.8 దగ్గర కనపడతాయి.

ఇప్పుడు చిక్కు చూడండి. స్టియరిక్, ఓలిక్, లినోలిక్ ఒక్కొక్కటి ఉన్న ఎస్-ఓ-ఎల్ కి కూడా కార్బన్లు, హైడ్రోజన్లు అన్నీ ఓ-ఓ-ఓ కి ఉన్నన్నే, బరువు కూడా అదే 902.8, ఎంత ఖరీదైన మిషన్ పెట్టినా తూకంలో తేడా రాదు. వేరుచేయాలంటే గ్యాస్‌తో గుద్దించి పగలగొట్టాలి. ఓ-ఓ-ఓ పగిలితే ఏ ఆమ్లం ఊడినా ఓలిక్కే కాబట్టి 603.5 అనే ఒక్క ముక్క వస్తుంది, ఎస్-ఓ-ఎల్ పగిలితే 601.5, 603.5, 605.5 మూడు వస్తాయి. ఇట్లా ముక్కలు చూసి అసలుది ఏదో తేల్చడాన్నే ఎంఎస్/ఎంఎస్ అంటారు, రిపోర్ట్‌లో ఎంఎస్ రెండుసార్లు ఉండేది అందుకే.

ఇంకో చిక్కు ఇంకా లోతుది, నిపుణులు కూడా మర్చిపోతే దెబ్బతినేది ఇక్కడే. ప్రకృతిలో కార్బన్‌లో దాదాపు 1.1 శాతం బరువైన కార్బన్-13 ఉంటుంది. ట్రైగ్లిజరైడ్‌లో 57 కార్బన్లు ఉంటే వాటిలో రెండు కార్బన్-13 పడే అవకాశం తక్కువేం కాదు, లెక్క వేస్తే రెండు యూనిట్లు బరువెక్కిన పీక్ (మిషన్ గీసే గ్రాఫ్‌లో ఒక బరువు దగ్గర లేచే శిఖరం) అసలు పీక్‌లో దాదాపు 20 శాతం ఎత్తు వస్తుంది. అంటే ఓ-ఓ-ఎల్ నీడ ఒకటి సరిగ్గా ఓ-ఓ-ఓ నెత్తిన వచ్చి కూర్చుంటుంది. రెండిటి మధ్య తేడా 0.009 డాల్టన్ (అణువుల బరువుకి వాడే యూనిట్) మాత్రమే, విడదీయాలంటే లక్ష దాకా రిజల్యూషన్ కావాలి, లేకపోతే లెక్కతో ఆ నీడని తీసేయాలి, లేదా ఎల్‌సీలో ముందే రెండిటినీ వేరే వేరే నిమిషాల్లో బయటికి తేవాలి. ఈ మూడిట్లో ఏదీ చేయకుండా ఓ-ఓ-ఓ ఇంత శాతం అని రాస్తే అది ఉన్నదానికంటే ఎక్కువ వస్తుంది, మామూలు శెనక్కాయని హై ఓలిక్ వైపు జరిపినట్టు అవుతుంది.

మరి హై ఓలిక్ విత్తనమా కాదా అని చూడడానికి ఇంత మిషన్ అవసరమా అంటే, లేదు. కొవ్వు ఆమ్లాల్ని మిథైల్ ఎస్టర్లుగా మార్చి మామూలు జీసీలో చూస్తే ఓలిక్, లినోలిక్ శాతాలు చక్కగా వస్తాయి, గింజని పగలగొట్టకుండా ఇన్‌ఫ్రారెడ్ వెలుగుతో చూసే పద్ధతి కూడా ఉంది. మాస్ స్పెక్ అవసరం పడేది ఆమ్లాలు ఏ జోడీలుగా ఉన్నాయో తెలియాల్సినప్పుడు. పామాయిల్ కలిస్తే పామిటిక్ రెండు, ఓలిక్ ఒకటి ఉన్న ట్రైగ్లిజరైడ్లు ఒక్కసారిగా పెరుగుతాయి, బెహెనిక్, లిగ్నోసెరిక్ ఉన్నవి పలచబడతాయి, అయోడిన్ విలువ సరిచేసి కలిపినా ఈ జోడీల నమూనాని సరిచేయడం చాలా కష్టం.

అఫ్లాటాక్సిన్: ఎంత ఉంది అనే ప్రశ్న

1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణం తెలియకుండా చచ్చిపోయాయి, వెతుక్కుంటూ పోతే బ్రెజిల్ నుంచి తెచ్చిన శెనక్కాయ చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి) దగ్గర తేలింది, దాంట్లో పెరిగిన ఆస్పర్జిల్లస్ ఫ్లావస్ అనే బూజు నుంచే అఫ్లాటాక్సిన్ అనే పేరు వచ్చింది. వీటిలో బీ1 అనేది కాలేయ క్యాన్సర్ తెస్తుందని తేలిపోయిన పదార్థం.

ఈ జిల్లాలకి దీంతో దగ్గరి సంబంధం ఉంది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో సంవత్సరానికి వాన 550 మిల్లీమీటర్ల చుట్టే, కాయ ఊరే చివరి వారాల్లో వాన ముఖం చాటేస్తే నేల వేడెక్కి, గింజలో తేమ తగ్గి, మొక్క తనని తాను కాపాడుకునే శక్తి పోతుంది, బూజు మాత్రం ఆ వేడిలో హాయిగా పెరుగుతుంది. అంటే గోడౌన్‌లోనే కాకుండా భూమిలో ఉండగానే పని మొదలైపోతుంది. ఆ తర్వాత పీకిన కాయ సరిగా ఆరకముందే వాన తగిలితే ఇంకా పెరుగుతుంది.

అఫ్లాటాక్సిన్ బీ1 ప్రోటాన్ పట్టుకుని 313 దగ్గర కనపడుతుంది, పగలగొడితే 285, 241 ముక్కలు వస్తాయి. ట్రిపుల్ క్వాడ్‌లో మొదటి గేటు 313 ని మాత్రమే లోపలికి వదులుతుంది, మధ్యలో పగలగొడతారు, చివరి గేటు 285, 241 ని మాత్రమే చూస్తుంది, వేల అణువుల గుంపులో కూడా దీన్ని పట్టుకోగలగడానికి కారణం ఈ రెండు గేట్లే. యూరప్‌లో నేరుగా తినే శెనక్కాయలకి హద్దు కిలోకి బీ1 2 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 4, కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల ప్రకారం ఇంకా ప్రాసెస్ చేయాల్సిన శెనక్కాయలకి 15. ఒక టన్ను గింజల్లో 2 మిల్లీగ్రాములు, అంటే చిటికెడు కూడా కాదు, దాన్ని లెక్కపెట్టాలి.

లెక్కలో పెద్ద శత్రువు నూనే. తుంపరలో ఛార్జ్ కోసం అన్ని అణువులూ పోటీ పడతాయి, నూనె జిడ్డు ఎక్కువ ఉంటే అదే ఛార్జ్ లాక్కుని అఫ్లాటాక్సిన్‌కి దక్కనివ్వదు, అప్పుడు విషం ఉన్నా పీక్ చిన్నగా వస్తుంది, రిపోర్ట్‌లో తక్కువ అని పడుతుంది. దీనికి విరుగుడుగా మిథనాల్, నీళ్లతో అఫ్లాటాక్సిన్‌ని బయటికి లాగి నూనెని వదిలేస్తారు, అఫ్లాటాక్సిన్‌ని మాత్రమే పట్టుకునే యాంటీబాడీ కాలమ్‌లో కడుగుతారు, అన్నిటికంటే నమ్మకమైన పని ఏంటంటే 17 కార్బన్లూ కార్బన్-13 గా ఉన్న అఫ్లాటాక్సిన్‌ని తెలిసిన మోతాదులో శాంపిల్‌లో ముందే కలుపుతారు. అది 330 దగ్గర కనపడుతుంది, మిగతా గుణాలన్నీ అసలుదానివే, అసలుది ఎంత అణిగిపోతే ఇదీ అంతే అణుగుతుంది, కాబట్టి రెండిటి నిష్పత్తి చూస్తే నిజం లెక్క బయటపడుతుంది.

ఇంత చేసినా ఫలితం తప్పు అయ్యే చోటు ఒకటి ఉంది, అది మిషన్‌కి చాలా దూరంగా, మూటల దగ్గర ఉంటుంది. బూజు అన్ని గింజల్లో సమానంగా ఉండదు, వేల గింజల్లో ఏవో కొన్నిట్లో చాలా ఎక్కువగా ఉంటుంది. ఒక మూట పైనుంచి గుప్పెడు తీసి పంపితే ఆ చెడ్డ గింజ వచ్చిందా రాలేదా అన్నదాన్ని బట్టి ఎన్‌డీ అయినా రావచ్చు, కిలోకి 50 మైక్రోగ్రాములు అయినా రావచ్చు. యూరప్ నిబంధనల్లో పెద్ద లాట్‌కి వంద చోట్ల నుంచి తీసి దాదాపు 20 కిలోలు పోగుచేసి, మొత్తం పిండి చేసి కలిపాకే టెస్ట్‌కి తీయమనడానికి కారణం ఇదే. మన మార్కెట్ యార్డుల్లో వ్యాపారి చేతిలో పట్టేంత శాంపిల్‌తో వచ్చిన రిపోర్ట్‌ని ఆ లారీ మొత్తానికి అంటగట్టడం సరికాదు.

చెక్క తిన్న ఆవు, పాలలో వచ్చే మెటబాలైట్

గానుగలో నూనె తీసినప్పుడు అఫ్లాటాక్సిన్‌లో ఎక్కువ భాగం చెక్కలోనే ఉండిపోతుంది. రిఫైన్ చేసిన నూనెలో మిగిలిన కొద్దీ కూడా క్షారంతో కడిగినప్పుడు పోతుంది, గానుగ నూనెకి ఆ దశ లేదు కాబట్టి గింజ శుభ్రంగా ఉండడమే దానికి రక్ష. చెక్క మాత్రం పశువుల తొట్టిలోకి పోతుంది.

మెటబాలైట్ అంటే ఏంటో అర్థం కావడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఆవు కాలేయం బీ1 కి ఒక ఆక్సిజన్ తగిలిస్తుంది, బరువు 16 పెరుగుతుంది, 313 దగ్గర కనపడాల్సింది ఇప్పుడు 329 దగ్గర కనపడుతుంది. దాని పేరు అఫ్లాటాక్సిన్ ఎం1, అది పాలలోకి వస్తుంది. తిన్నదాంట్లో సాధారణంగా 1 నుంచి 6 శాతం దాకా ఇట్లా పాలకి చేరుతుందని అంచనా. కిలోకి 100 మైక్రోగ్రాముల బీ1 ఉన్న చెక్క రోజుకి 2 కిలోలు పెట్టారనుకుందాం, 200 మైక్రోగ్రాములు లోపలికి పోయినట్టు, 2 శాతం అంటే 4 మైక్రోగ్రాములు పాలలోకి, ఆవు 8 లీటర్లు ఇస్తే లీటరుకి 0.5. మన దేశంలో పాలకి హద్దు కిలోకి సరిగ్గా 0.5 మైక్రోగ్రాములు, యూరప్‌లో 0.05. కాచినా ఎం1 పోదు. మంచి విషయం ఏంటంటే ఆ చెక్క ఆపేస్తే కొద్ది రోజుల్లోనే పాలలో తగ్గిపోతుంది, కాబట్టి పాలలో దొరికిందంటే తొట్టి దగ్గరికి పోయి సరిచేసుకోవచ్చు.

రక్తంలో వెతకడం, పేరు పెట్టడం

ఇప్పటిదాకా చెప్పింది ఏం వెతకాలో ముందే తెలిసిన పని. రెండో రకం, శాంపిల్‌లో ఉన్నదంతా తూచి, జబ్బు ఉన్నవాళ్లకి లేనివాళ్లకి తేడా ఏంటో చూడడం, వార్తల్లో ఒక్క రక్తపు చుక్కతో ఫలానా జబ్బు ముందే తెలుస్తుంది అని వచ్చేవి ఎక్కువగా ఈ రకం. ఇందులో వేల పీక్‌లు వస్తాయి, వాటిలో చాలావాటికి పేరు ఉండదు. డేటాబేస్‌లో బరువు కలిసింది కాబట్టి ఇది ఫలానా అని రాయడం చాలా తేలిక, అసలు పదార్థం కొని అదే మిషన్‌లో నడిపి, అదే నిమిషానికి అదే ముక్కలతో వచ్చిందని చూపించడం కష్టం. 2007లో మెటబాలోమిక్స్ పరిశోధకులు గుర్తింపుకి నాలుగు స్థాయిలు పెట్టుకున్నారు, అసలు పదార్థంతో పోల్చింది మొదటి స్థాయి, పేరు తెలియనిది నాలుగో స్థాయి. వార్తల్లో ఈ స్థాయి ఎప్పుడూ కనపడదు, అది పెద్ద లోటు.

శాంపిల్ ఎట్లా దాచారు అన్నది ఇక్కడ ఇంకా కీలకం. రక్తం తీశాక కణాలు బతికే ఉంటాయి, అవి గ్లూకోజ్ తింటూ లాక్టేట్ వదులుతూనే ఉంటాయి, మే నెలలో కర్నూలు ఎండలో ట్యూబ్ రెండు గంటలు బైక్ మీద తిరిగితే మిషన్ కొలిచేది ఆ ప్రయాణాన్ని, మనిషిని కాదు.

అయితే ఇదే టెక్నాలజీ బాగా కుదురుకుని రోజూ ప్రాణాలు కాపాడుతున్న చోటు ఒకటి ఉంది, పుట్టిన పిల్లల స్క్రీనింగ్. మడమ మీద గుచ్చి కార్డు మీద ఆరబెట్టిన రక్తం నుంచి 3 మిల్లీమీటర్ల ముక్క చాలు, ఒక్క పరుగులో పదుల కొద్దీ జన్యు లోపాల గుర్తులు కనపడతాయి. ఫినైల్ అలనిన్ అనే అమైనో ఆమ్లం 166 నుంచి 120 కి పగులుతుంది, దానికి తోడుగా బరువైన హైడ్రోజన్ పెట్టిన జోడీ 171 నుంచి 125 కి, ఇందాకటి అఫ్లాటాక్సిన్ కిటుకే ఇక్కడా. ఇక్కడ కూడా తూకం పరిమితి వదలదు, లూసిన్, ఐసోలూసిన్ బరువు ఒకటే, హైడ్రాక్సీ ప్రోలిన్ కూడా మామూలు మిషన్‌కి అదే బరువుగా కనపడుతుంది, అందుకే మేపుల్ సిరప్ యూరిన్ జబ్బు (లూసిన్ లాంటివి రక్తంలో పేరుకుపోయే జన్యు లోపం) అనుమానం వస్తే ఎల్‌సీ పెట్టి విడదీసి రెండోసారి చూడకుండా జబ్బు ఉందని చెప్పరు. రాయలసీమలో మేనరికాలు ఇంకా జరుగుతున్నాయి, తల్లిదండ్రులిద్దరి నుంచీ అదే లోపం వస్తే బయటపడే జబ్బులు ఇట్లాంటి కుటుంబాల్లో ఎక్కువ, కాబట్టి ఈ ప్రాంతానికి ఈ టెస్ట్ మిగతా చోట్ల కంటే ఎక్కువ అవసరం.

ముందు ఏం మారొచ్చు

అనంతపురంలో నూనెల టెక్నాలజీ మీద పని చేసే పరిశోధన సంస్థ ఒకటి జేఎన్‌టీయూ కింద ఉంది, కదిరిలో శెనక్కాయ విత్తనాల మీద పని చేసే వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది, అంటే ప్రశ్నలు అడిగే మనుషులు ఇక్కడే ఉన్నారు. హై ఓలిక్ పంట పెరిగితే అయోడిన్ విలువ లాంటి పాత గీతల మీద వివాదాలు వస్తాయి, అప్పుడు ట్రైగ్లిజరైడ్ల నమూనా చూపించే రిపోర్ట్‌కి విలువ పెరుగుతుంది. ఎగుమతి చేసేవాళ్లకి అఫ్లాటాక్సిన్ ఇప్పటికే తప్పనిసరి, పాల సేకరణ కేంద్రాలు మాత్రం రోజూ మాస్ స్పెక్ చేయలేవు, అక్కడ స్ట్రిప్ టెస్ట్‌తో ముందు వడకట్టి అనుమానం ఉన్నది మాత్రమే ల్యాబ్‌కి పంపడం జరిగే పని.

ఇక చేతికి వచ్చిన రిపోర్ట్‌లో ముందు చూడాల్సింది దేనికోసం టెస్ట్ చేశారు అన్నది, ఆ తర్వాత శాంపిల్ ఎంత, ఎవరు తీశారు. ఎన్‌డీ అంటే సున్నా కాదు, ఆ ల్యాబ్ పద్ధతికి అందలేదు అని. పక్కన ఎల్‌ఓక్యూ అనే అంకె ఉంటుంది, ఆ ల్యాబ్ నమ్మకంగా లెక్కపెట్టగలిగే అతి తక్కువ మోతాదు అది. ఎల్‌ఓక్యూ కిలోకి 5 మైక్రోగ్రాములు ఉన్న ల్యాబ్ ఇచ్చిన ఎన్‌డీతో యూరప్ 2 హద్దు దాటలేదని రుజువు చేయలేరు, అదే 0.5 ఉంటే చేయొచ్చు. చాలా రిపోర్టుల్లో ఈ అంకె రెండో పేజీలో ఉంటుంది, వాట్సాప్‌లో తిరిగే ఫొటో మాత్రం మొదటి పేజీదే.